రోడ్డు ప్రమాదము తరువాత: కారు ప్రయాణికుల సంరక్షణ, పంచాయతీ కర్తవ్యము

పొలముబాట వచ్చి తారురోడ్డును కలియు చోటు మన గ్రామములలో దాదాపు ప్రతిదానికిని కలదు. బాటకు ఇరుప్రక్కల సర్కారు తుమ్మ దట్టముగా పెరిగి యుండును. బాటపై వచ్చువానికి రోడ్డు కానరాదు. రోడ్డుపై పోవువానికి బాట కానరాదు. ఎరువు బస్తా వేసికొని పొలమునుండి మోటారు సైకిలుపై వచ్చు రైతు, గట్టెక్కు వేగము తగ్గింపక, ఒక్క ఊపున రోడ్డుమీదికి వచ్చును. అదే సమయమునకు పెండ్లికి పోవు కారొకటి అచటికి వచ్చును. తక్కినది చెప్పనక్కరలేదు.

అట్టి వేళ మొదట చేయవలసిన పనిని మన ప్రజలు చక్కగా నెరుగుదురు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన 108 సేవ నేడు పల్లెపల్లెకు తెలిసినది. మోటారు సైకిలుపై వచ్చినవాడు నేలపై పడి, నెత్తురు కారుచుండును గనుక ఊరంతయు వానివద్దకు పరుగెత్తును. అది న్యాయమే. కాని కారులోనివారి సంగతి వేఱు. వారు తలుపు త్రోసికొని దిగుదురు. బట్టలు దులుపుకొందురు. "మాకేమియు కాలేదు" అందురు. ఆ మాట నమ్మి అందఱును వారిని మఱచెదరు. కొన్ని సమయములందు ఆ మఱపు ప్రాణాపాయమునకే దారి తీయుచున్నది.

కావున ఈ వ్యాసమున మేము కారు ప్రయాణికులను గూర్చియే ముచ్చటింపదలచినాము. ప్రమాదము జరిగిన గంటను గూర్చి గాక, ఆ పిమ్మటి దినములను, వారములను, నెలలను గూర్చి చెప్పుదుము. దెబ్బ ఒక్క క్షణమున తగులును. అది బయటపడుటకు కొన్నిటికి మూడు వారములు పట్టును. మానుటకు కొన్నిటికి ఆరు నెలలు పట్టును. ఈ నడిమి కాలమున గాయపడినవారిని కనిపెట్టియుండు భారము ఎవరిది? కుటుంబమునకు తోడుగా గ్రామ పంచాయతీ నిలువవలెనని మా విన్నపము.

ఒక కుటుంబమును ఊహింతము

ఇది ఏ గ్రామమునకు సంబంధించిన కథయు గాదు. ఏ గ్రామమునందైనను జరుగదగినది. కారులో ఐదుగురు కలరు. కుమారుడు కారు నడుపుచున్నాడు. ప్రక్క సీటులో తండ్రి, వయస్సు 68, గుండెజబ్బునకై రక్తమును పలుచబరచు మాత్రలు వేసికొనుచున్నాడు. వెనుక తల్లి, ఆరవ నెల గర్భిణియగు కోడలు, తొమ్మిదేండ్ల మనుమడు. మోటారు సైకిలు ఎడమ ప్రక్కనుండి వచ్చి ముందు తలుపునకు తగిలినది. కుమారుడు కారును ఒక్కసారిగా త్రిప్పుటచే అది రోడ్డు దిగి కాలువగట్టునకు కొట్టుకొన్నది.

తల్లికి మణికట్టు విరిగినది. ఆమెను ఆసుపత్రికి కొనిపోయి పిండికట్టు వేయించిరి. తక్కిన నలుగురును పరీక్ష లేకుండనే యింటికి పోయిరి. ఆ సాయంకాలమే రచ్చబండయొద్ద పెద్దలు కూర్చుండి, తలుపు బాగుచేయించుటకును, కట్టు ఖర్చునకును కొంత సొమ్ము నిర్ణయించి, "ఇక ఒకరిపై నొకరు ఏమియు అడుగరాదు" అని కాగితము వ్రాయించిరి. పోలీసు స్టేషనుకు ఎవ్వరును పోలేదు. వ్యవహారము చక్కబడినదని అందఱును తలచిరి.

ఇరువదవ దినమున తండ్రికి నడకలో తూలు కలిగినది. మాట తడబడెను. భోజనము చేసిన సంగతియే మఱచుచుండెను. వయస్సు మీరుటచే వచ్చిన మఱపని ఇంటివారు అనుకొనిరి. నిజమునకు ఆనాడు కిటికీకి తల తగిలినపుడు మెదడుపై పొరక్రింద చిన్న నరము చిట్లి, నెత్తురు బొట్టుబొట్టుగా చేరుచున్నది. వృద్ధులయందును, రక్తము పలుచబరచు మందులు వాడువారియందును ఇట్లు జరుగుట వైద్యులు తఱచు చూచునదే. సకాలమున గుర్తించినచో ఆ నెత్తురును తీసివేసి రోగిని మఱల నడిపింపవచ్చును. ఆలస్యమైనచో ప్రాణమే పోవచ్చును. ఆ యింటికి రెండు మూడు సారులు పోయి, "పెద్దాయన ఎట్లున్నాడు?" అని అడిగి, ప్రమాదము సంగతి గుర్తుచేయు మనిషి యొకడు చాలును.

ఎవరికి ఏ గాయము?

కారు ప్రయాణికుని గాయము అతడు కూర్చున్న చోటునుబట్టియు, దెబ్బ తగిలిన ప్రక్కనుబట్టియు ఉండును. ముందు సీటువారికి మోకాలు ఎదుటి పలకకు తగిలి, మోకాలు, తొడ, తుంటి దెబ్బతినును. ప్రక్కనుండి దెబ్బ తగిలినచో ఆ వైపువారికి ప్రక్కటెముకలు, కటి భాగము, లోపలి ప్లీహము లేక కాలేయము గాయపడవచ్చును. మెడ ఒక్కసారిగా ముందునకు వెనుకకు ఊగుటచే కలుగు నొప్పి ఆనాడు తెలియక, మఱునాటి ఉదయమున తెలియును.

సీటు బెల్టు ప్రాణము కాపాడును. వెనుక సీటువారును దానిని కట్టుకొనవలెననియే నిబంధన. అయితే ప్రమాదము తరువాత పొట్టపై బెల్టు ఒత్తిన ఎఱ్ఱని చాఱ కనబడినచో దానిని తేలికగా తీసికొనరాదు. లోపల ప్రేగునకు దెబ్బ తగిలియుండవచ్చును. కడుపునొప్పి పెరుగుట, పొట్ట ఉబ్బుట, వాంతులు, జ్వరము, ఎడమ భుజమున కారణము లేని నొప్పి కలిగినచో వెంటనే ఆసుపత్రికి పోవలెను.

గర్భిణీ స్త్రీల విషయమున ఇంకను జాగ్రత్త వలయును. నొప్పి లేకున్నను, దెబ్బ కనబడకున్నను, ఆమెను ఆనాడే ఆసుపత్రికి కొనిపోయి కొన్ని గంటలపాటు పరిశీలనలో ఉంచవలెను. కుదుపునకు మాయ గర్భకోశపు గోడనుండి విడిపోవు ప్రమాదము కలదు. రక్తస్రావము, పొట్ట గట్టిపడుట, బిడ్డ కదలిక తగ్గుట అపాయ సూచనలు. ఆమె రక్తము నెగటివు జాతిదైనచో 72 గంటలలోగా వేయవలసిన ఇంజెక్షను ఒకటి యున్నదని వైద్యునికి జ్ఞాపకము చేయవలెను.

మొదటి దినములు

తలకు దెబ్బ తగిలినవారిని మొదటి రెండు దినములును ఒంటరిగా ఉంచరాదు. ఈ క్రింది లక్షణములలో ఏ ఒక్కటి కనబడినను క్షణమైనను జాగు చేయక 108కి ఫోను చేయవలెను.

తలనొప్పి అంతకంతకు పెరుగుట, మాటిమాటికి వాంతి యగుట, లేపినను సరిగా లేవకుండుట, మూర్ఛ వచ్చుట, ఒక చేయి గాని కాలు గాని బలహీనమగుట, సంబంధము లేని మాటలాడుట, ముక్కునుండి లేక చెవినుండి నీరువంటి ద్రవము కారుట.

వృద్ధులయందు ఈ కనిపెట్టుట రెండు దినములతో ముగియరాదు. ఆరు వారములు సాగవలెను.

పిండికట్టు వేసినవారికి చేతి లేక కాలి వ్రేళ్లు నీలి రంగు తిరిగినను, చల్లబడినను, మొద్దుబారినను, మందు వేసికొన్నను నొప్పి పెరుగుచున్నను తెల్లవారువఱకు ఆగరాదు. ఆ రాత్రియే ఆసుపత్రికి పోవలెను. కట్టు బిగుతై రక్తప్రసరణ ఆగినచో కొన్ని గంటలలోనే కండరము చచ్చిపోవును. అద్దపు పెంకులతో తెగిన గాయములకు ధనుర్వాతపు ఇంజెక్షను సంగతి వైద్యునడిగి తెలిసికొనవలెను. కుట్లు ముఖముపై సుమారు 5 దినములకును, కాలుచేతులపై 10 మొదలు 14 దినములకును తీయుదురు. ఆ తేదీలు తప్పరాదు.

ఇంటివద్ద సేవ

ప్రక్కటెముకలు విరిగినవానికి శ్వాస తీయునపుడు నొప్పి కలుగును. నొప్పికి భయపడి అతడు పైపైన శ్వాస తీయును. అందువలన ఊపిరితిత్తులలో కఫము నిలిచి న్యుమోనియా వచ్చును. కావున మెలకువగా ఉన్నంతసేపు గంటకొకసారి పదిమార్లు నిండుగా శ్వాస తీయవలెను. దగ్గునపుడు దిండును ఱొమ్మునకు అదుముకొనవలెను. ఱొమ్మునకు గుడ్డతో బిగించి కట్టుట హానికరము. ఈ ఎముకలు అతుకుటకు సుమారు ఆరు వారములు పట్టును.

మంచముపై కదలక పడియున్నవారిని రెండు గంటలకొకసారి ప్రక్క మార్చవలెను. లేనిచో వీపున, తుంటిపై పుండ్లు పడును. ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినను, ఒక్కసారిగా ఆయాసము వచ్చినను, నరములో నెత్తురు గడ్డకట్టియుండవచ్చునని తలచి వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

ఆహారమును గూర్చి మన ఇండ్లలో ఒక పొరపాటు కలదు. పప్పు తిన్నచో గాయము చీము పట్టుననియు, గుడ్డు వేడి చేయుననియు చెప్పి, గాయపడినవారికి చారన్నమే పెట్టుదురు. ఎముక అతుకుటకును, గాయము మానుటకును మాంసకృత్తులు, సున్నము కావలెను. పప్పు, గుడ్డు, పాలు, రాగిజావ, మునగాకు ఇండ్లలో దొరకునవే. వైద్యుడు ప్రత్యేకముగా వలదన్నచో తప్ప వీనిని మాన్పింపరాదు. చుట్ట, బీడి, సారాయి ఎముక అతుకుటను ఆలస్యము చేయును.

విరిగిన ఎముకకు నాటుకట్టు కట్టించుట మన ప్రాంతమున చిరకాలముగా నున్న వాడుక. పుత్తూరు కట్టు పేరు ఎరుగనివారు లేరు. ఈ నమ్మకమును పరిహసించుట మా ఉద్దేశము గాదు. అయినను ఎక్స్-రే తీయకుండ ఏ కట్టును కట్టింపరాదు. చర్మము చీలి ఎముక కనబడినపుడును, వెన్నెముక, తుంటి, కీళ్ల గాయములందును నాటువైద్యము తగదు. విరిగినచోట నూనె పెట్టి మర్దించుట ఎంతమాత్రమును కూడదు.

కట్టు విప్పినంతనే చేయి మునుపటివలె పనిచేయదు. మణికట్టు ఎముక ఆరు వారములకు అతికినను, పిడికిలి బిగియుటకు ఇంకను కొన్ని వారముల వ్యాయామము కావలెను. తొడ ఎముకకు మూడు మొదలు ఆరు నెలలు పట్టును. ఫిజియోథెరపీ యనగా ధనికులు చేయించుకొను మర్దనము గాదు; బిగిసిన కీలును మఱల కదలించు వైద్యము. ఒకటి రెండు సారులు పెద్ద ఆసుపత్రిలో నేర్చుకొన్న వ్యాయామములను ఇంటివద్ద దినమునకు మూడు పూటల చేసినవాడు త్వరగా పనిలోనికి పోవును. చేయనివాడు కీలు బిగిసి, నాటు వేయలేక, పార పట్టలేక, కూలి పోగొట్టుకొనును.

మనస్సునకు తగిలిన దెబ్బ

మనము ఊహించిన కుటుంబమున మనుమనికి గీతయైనను పడలేదు. కాని వాడు రాత్రులు ఉలికిపడి లేచుచున్నాడు. ప్రక్క తడుపుచున్నాడు. బడి ఆటో ఎక్కుమన్నచో ఏడ్చుచున్నాడు. "పిఱికివాడు" అని తండ్రి కసరుచున్నాడు. ఆ తండ్రికిని స్టీరింగు పట్టినచో చేతులు వణకుచున్న సంగతి అతడు ఎవరికిని చెప్పలేదు.

పెద్ద కుదుపు తరువాత కొన్ని దినములు భయము, నిద్రలేమి యుండుట సహజము. ఓర్పుతో మాట వినువారున్నచో చాలమందికి అవి తగ్గిపోవును. ఒక నెల దాటినను తగ్గనిచో అది వైద్యము కావలసిన స్థితి. దానికి సిగ్గుపడవలసినది లేదు. 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలి-మానస్ సేవకు 14416 నంబరున ఫోను చేసి, తెలుగులోనే ఉచితముగా సలహా పొందవచ్చును.

రాజీ కాగితము, చట్టము

పంచాయతీ సభ్యులు ముఖ్యముగా గమనింపవలసినది ఈ భాగము. ఊరిలో తగవులు పెరుగకుండ చక్కబెట్టుట పెద్దల సత్సంప్రదాయము. కాని గాయము ఎంతటిదో తెలియకముందే దానికి వెల కట్టుట న్యాయము గాదు. తలుపునకు, అద్దమునకు కలిగిన నష్టమును ఆనాడే లెక్కింపవచ్చును. మనిషికి కలిగిన నష్టమును ఆ సాయంకాలమున ఎవ్వరును లెక్కింపలేరు. కావున దేహమునకు తగిలిన దెబ్బ విషయమున తొందరపడి "ఇక ఏమియు అడుగరాదు" అను కాగితము వ్రాయింపరాదు.

చట్టము చెప్పునది క్లుప్తముగా ఇది. ప్రమాదమున మనుష్యులు గాయపడినచో వాహనము నడుపువాడు వారికి వైద్యము అందునట్లు చూచి, 24 గంటలలోగా పోలీసులకు తెలుపవలెను. గాయపడినవారికి సహాయము చేసినవారిని పోలీసులు గాని ఆసుపత్రివారు గాని వేధింపరాదని 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము రక్షణ కల్పించినది. 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన పథకము ప్రకారము, మోటారు వాహన ప్రమాదమున గాయపడినవారికి నిర్ణయింపబడిన ఆసుపత్రులలో ప్రమాదము నాటినుండి 7 దినములవఱకు, లక్షన్నర రూపాయలవఱకు, సొమ్ము చెల్లింపనక్కర లేకుండ చికిత్స లభించును. ఆ పిమ్మట కావలసిన శస్త్రచికిత్సలకు అర్హులైన కుటుంబములు ఆంధ్ర ప్రదేశమున డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ, తెలంగాణమున రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకములను గూర్చి ఆసుపత్రిలోని సహాయకుని అడుగవలెను.

నష్టపరిహారము కోరు దరఖాస్తును ప్రమాదము జరిగిన 6 నెలలలోగా మోటారు ప్రమాదముల ట్రిబ్యునలుకు ఇచ్చుకొనవలెను. గాయపడినవారు తాము నివసించు ప్రాంతపు ట్రిబ్యునలులోనే దరఖాస్తు చేయవచ్చును. ప్రమాదము జరిగిన ఊరికే పోనక్కరలేదు. తప్పు ఎవరిదని నిరూపింపకయే తీవ్రగాయమునకు రెండున్నర లక్షల రూపాయలు పొందుటకు చట్టమున వేఱొక మార్గము కలదు. ఎముక విరుగుట తీవ్రగాయమే. మోటారు సైకిలుకు బీమా లేకున్నచో ఆ భారము యజమానిపై పడును. పొలమునకు మాత్రమే తిరుగు బండికి బీమా ఎందుకని తలచు రైతులకు ఈ మాట గట్టిగా చెప్పవలెను. ఒక్క నిమిషపు తొందరకు ఎకరము పొలము అమ్మవలసి రావచ్చును. న్యాయవాదిని పెట్టుకొనలేనివారు 15100 నంబరునకు ఫోను చేసి న్యాయ సేవల సంస్థ సహాయమును కోరవచ్చును.

వీని కన్నిటికిని ఆధారము కాగితములే. పోలీసు నివేదిక, ఆసుపత్రి చీటీలు, ఎక్స్-రే పటములు, మందుల రసీదులు, పనికి పోలేని దినముల లెక్క ఒక సంచిలో భద్రపఱుపవలెను. అవయవలోపము మిగిలినచో వైద్యుల బృందముచే ధ్రువపత్రము పొందవలెను. లోపము 40 శాతము గాని అంతకు మించి గాని యున్నవారికి ప్రత్యేకమైన సౌకర్యములు కలవు.

పంచాయతీ చేయదగిన పనులు

వీనికి పెద్ద నిధులు అక్కరలేదు. ఒక పుస్తకము, ఒక ఫోను, ఇద్దరు ముగ్గురు సభ్యుల శ్రద్ధ చాలును.

1. గాయపడినవారి పుస్తకము నొకటి తెఱవవలెను. పేరు, ప్రమాదము తేదీ, చూచిన ఆసుపత్రి, మఱల పోవలసిన తేదీ, చూచి వచ్చు సభ్యుని పేరు అందు వ్రాయవలెను. కారులో ఉండి "ఏమియు కాలేదు" అన్నవారి పేర్లు కూడ తప్పక వ్రాయవలెను. రోగముల సంగతి సొంతవిషయము గనుక ఈ పుస్తకము ఆరోగ్య కార్యకర్తయొద్ద నుండవలెను, సభలో చదువరాదు.

2. రెండవ దినమున, ఏడవ దినమున, మూడవ వారమున, ఆరవ వారమున, మూడవ నెలలో ఒకసారి యింటికి పోయి చూడవలెను. ఐదవ నెలలో పోయి, దరఖాస్తు గడువు సమీపించుచున్నదని జ్ఞాపకము చేయవలెను. ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం. ఈ పనికి తోడ్పడగలరు.

3. కారులోనివారు తఱచు పొరుగూరివారై యుందురు. ప్రమాదము జరిగిన గ్రామమునకు వారు కనబడరు. వారి గ్రామమునకు ప్రమాదము తెలియదు. కావున ప్రమాదము జరిగిన ఊరి సర్పంచి ఆనాడే వారి ఊరి సర్పంచికి ఫోను చేసి సంగతి తెలుపవలెను. ఈ ఒక్క ఫోనుతో అనేక గాయములు మఱుగుపడకుండును.

4. మఱల చూపించుకొనుటకు పోవు రోగికి బండి దొరకక తేదీ తప్పుట సామాన్యము. ఊరి ఆటోవారితో మాట్లాడి ఏర్పాటు చేయవలెను.

5. మోటారు సైకిలుపై పడినవానిని, కారులోనివారిని సమానముగా చూడవలెను. "మనవాడు, పరాయివాడు" అను భేదము వైద్యమున ఉండరాదు.

6. ప్రమాదము జరిగినచోట తుమ్మ కొట్టించి, బాట రోడ్డును కలియుచోట కొన్ని గజముల మేర చదును చేయించి, ఆగుమని సూచించు పలక నాటింపవలెను.

మనము ఊహించిన కుటుంబమును మఱల తలచుకొందము. మూడవ వారమున ఒక వార్డు సభ్యుడు ఆ యింటికి పోయినాడనుకొందము. పెద్దాయన తూలుట చూచి, పుస్తకములో తేదీ చూచి, "ఆనాడు ఈయన తలకు తగిలినదా?" అని అడిగినాడనుకొందము. ఆ ప్రశ్నతో పెద్దాయనను ఆనాడే ఆసుపత్రికి చేర్చి, తలకు స్కానింగు తీయింతురు. వైద్యవిద్య చదువని సభ్యుడు చేయగల మేలు ఇంత కలదు.

పంచాయతీ సమావేశమున చర్చించుటకు

1. గడచిన సంవత్సరము మన గ్రామ పరిధిలో జరిగిన ప్రమాదములలో గాయపడినవారెందఱు? వారిలో నేడు మునుపటివలె పని చేయుచున్నవారెందఱు?

2. ప్రమాదముల విషయమున మన పెద్దలు వ్రాయించిన రాజీ కాగితములలో పిమ్మట బయటపడిన గాయములు ఏవైన కలవా?

3. మన పొలముబాటలు రోడ్డును కలియుచోట్లు ఎన్ని? వానిలో ఎదుటి వాహనము కనబడనివి ఎన్ని?

4. గాయపడినవారి పుస్తకమును ఎవరు వ్రాయవలెను? మొదటి పేరు ఎవరిది?